పెళ్లి వీడియోలు ఏ ఫైల్‌సిస్టమ్‌లో దాచాలి? హనుమకొండ స్టూడియో స్టోరేజీ ప్రాజెక్టు డైరీ

జనవరి: ఏం ఉంది, ఏం కావాలి

హనుమకొండలో ఒక పెళ్లిళ్ల స్టూడియోకు స్టోరేజీ సర్వర్ కట్టే పని ఒప్పుకున్నాను. మూఢం నడుస్తోంది, ముహూర్తాలు లేవు కాబట్టి స్టూడియోలో షూటింగులు తక్కువ. మళ్లీ పెళ్లిళ్లు మొదలయ్యేలోపు ఏ ఫైల్‌సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చి, వెతికిచ్చే సాఫ్ట్‌వేర్) వాడాలో తేల్చాలి. పాత డేటా అంతా అందులోకి ఎక్కించి అప్పగించాలి. ఇలాంటి పనే పెట్టుకున్నవాళ్లకు ఉపయోగపడాలని ప్రతి పరీక్షనూ వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు అక్కడున్నది ఒక ఇనుప బీరువా, దాని నిండా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు. ఒక్కోదాని మీద మార్కర్‌తో ఇంటిపేరు, సంవత్సరం రాసి ఉంది. కొన్నిటికి రెండో కాపీ ఉంది, చాలావాటికి లేదు. ఈ పని మొదలవడానికి కారణం ఒక పాత కస్టమర్. తన పెళ్లి ఫోటోలు మళ్లీ కావాలని వచ్చారు. డిస్కు బాగానే తెరుచుకుంది, ఫైళ్లన్నీ కనిపించాయి, సైజు, తేదీ సరిగ్గానే ఉన్నాయి. కానీ తలంబ్రాల ఫోటోల్లో కొన్ని తెరిస్తే కింది సగం బూడిద రంగు. రెండో డిస్కులో చూస్తే అక్కడా అంతే, ఎందుకంటే ఫైల్ పాడయ్యాక తీసిన కాపీ అది. కాపీ చేస్తున్నప్పుడు ఏ ఎర్రరూ రాలేదు.

స్టూడియో నడిపే అన్న నన్ను అడిగింది ఒక్కటే. "తమ్మీ, డిస్కు పోతే పోయింది. పోయిందని ఈ మిషిన్ నాకెందుకు చెప్పలే?"

ప్రాజెక్టు మొత్తానికి ఇదే ప్రశ్న. ఎంత వేగంగా రాస్తుంది, ఎన్ని టెరాబైట్లు పడుతుంది అనేవి తర్వాత. డేటా పాడైతే చెప్పాలి, చెప్పాక బాగుచేయగలగాలి. ఆ బాగుచేసే పని నేను ఊళ్లో లేనప్పుడు స్టూడియోలో ఉన్నవాళ్లు చేయగలగాలి. ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ ఈ మూడింటి మీదే చూస్తాను.

మెషీన్: తనలో వచ్చే తప్పులను సరిచేసుకునే ఈసీసీ మెమరీ 64 జీబీ, 8 టీబీ డిస్కులు ఆరు, వాటిని మెషీన్‌కు కలపడానికి, రెయిడ్ (డిస్కు పోయినా డేటా నిలిచేలా చాలా డిస్కులను కలిపి వాడే పద్ధతి) చేయని మామూలు హెచ్‌బీఏ కార్డు. డిస్కులు కొనేముందు అన్నీ సీఎంఆర్ (ట్రాకులు విడివిడిగా ఉండే) రకమేనా అని తయారీదారు పత్రాల్లో సరిచూశాను. ఎస్‌ఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి కాబట్టి, పాడైన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి నింపేటప్పుడు రాతలు నత్తనడక నడుస్తాయి. అలాంటి సమయంలో ఆలస్యం ప్రమాదం.

ఎడిటింగ్ టేబుళ్లు రెండింటికి 10 గిగాబిట్ లైను, మిగతా కంప్యూటర్లకు ఒక గిగాబిట్. అందరూ నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచే సాంబా ద్వారానే ఫైళ్లు తెరుస్తారు. ఇవి కాక బుకింగులు, అడ్వాన్సు రసీదుల కోసం చిన్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒకటి. అది చిన్నదే అయినా డబ్బు లెక్క, కాబట్టి దాన్ని వేరుగా పరీక్షించాలి.

కాగితం మీదే పక్కన పెట్టినవి

ఇన్‌స్టాల్ చేయకముందే కొన్ని పేర్లు కొట్టేశాను. ఓపెన్ సోర్స్ అయితే కోడ్ ఎప్పటికీ మనదే, నిజమే. కానీ దాన్ని రేపు ఎవరు సరిచేస్తారన్నది పదేళ్లు డేటా దాచే పనిలో మొదట అడగాల్సిన మాట.

బీక్యాష్‌ఎఫ్‌ఎస్ రూపకల్పన నాకు బాగా నచ్చుతుంది. చెక్‌సమ్ (డేటా మారిందో లేదో తేల్చే అంకె), స్నాప్‌షాట్ (ఒక క్షణంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో అలా దాచే సదుపాయం), ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్కు కలిపి వాడే పద్ధతి, అన్నీ ఒకే చోట ఉన్నాయి. 2024 జనవరిలో వచ్చిన లినక్స్ 6.7లో కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో) చేరింది. 2025లో 6.18 నాటికి కెర్నెల్ నుంచి తీసేశారు. ఇప్పుడు కెర్నెల్‌కు బయటి నుంచి జోడించే మాడ్యూల్‌గా అభివృద్ధి జరుగుతోంది. ఇంట్లో ప్రయోగానికి పెట్టుకుంటాను, ఇంకొకరి పెళ్లి వీడియోలు మాత్రం ఇప్పుడే దానిమీద పెట్టను.

చాలా సర్వర్ల డిస్కులను ఒకటిగా కలిపే గ్లస్టర్‌ఎఫ్‌ఎస్ ఒకప్పుడు ఇలాంటి పనికి మొదట గుర్తొచ్చే పేరు. 2011లో లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ దాన్ని తయారుచేసిన గ్లస్టర్ కంపెనీని కొన్నది. గ్లస్టర్ మీద నడిచే వాళ్ల వాణిజ్య ఉత్పత్తికి మద్దతు 2024 చివరితో ఆగిపోయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అటు వెళ్లాల్సిన కారణం కనిపించలేదు.

మినియో అమెజాన్ ఎస్3 పద్ధతి ఆబ్జెక్ట్ స్టోరేజీ, అంటే ఫైళ్లను ఫోల్డర్లలో కాకుండా 'బకెట్ల'లో దాచేది. 2021లో లైసెన్సు అపాచీ నుంచి షరతులు ఎక్కువున్న ఏజీపీఎల్‌కు మారింది. 2025లో ఉచిత వెర్షన్ వెబ్ కన్సోల్ నుంచి నిర్వహణ సదుపాయాలు చాలావరకు తీసేశారు. అసలు మన ఎడిటర్లకు కావాల్సింది ఫోల్డర్లు, బకెట్లు కావు. అవసరమైతే గ్యారేజ్, సీవీడ్‌ఎఫ్‌ఎస్ ఉన్నాయి, చిన్న చోట్లకు అవి తేలిక. ఈ ప్రాజెక్టులో ఆబ్జెక్ట్ స్టోరేజీ లేదు.

సెఫ్: బాగుంది, ఈ కొట్టుకు కాదు

చాలా మెషీన్లను కలిపి ఒకే స్టోరేజీగా నడిపే సెఫ్‌ను కాగితం మీదే కొట్టేయడానికి మనసొప్పలేదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటాక్రూజ్‌లో సేజ్ వైల్ పీహెచ్‌డీ పరిశోధనగా మొదలై, యూరప్ అణుభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ లాంటి చోట వాడేంత ఎత్తుకు ఎదిగిన సాఫ్ట్‌వేర్. మూడు పాత పీసీలు తెచ్చి క్లస్టర్ కట్టాను. కాపీ నడుస్తుండగా ఒక పీసీ కరెంటు తీశాను. కాసేపు తడబడి మళ్లీ అందుకుంది, కాపీ ఆగలేదు. మెషీన్ తిరిగి పెట్టాక తప్పిపోయిన ముక్కలను అదే నింపుకుంది. చూస్తుంటే నిజంగా సంతోషమేసింది.

తర్వాత ఒకేసారి రెండు పీసీల కరెంటు తీశాను. క్లస్టర్ మొత్తం నిలబడిపోయింది. అది తప్పు కాదు, అలాగే చేయాలి. మూడు మానిటర్లలో (క్లస్టర్‌ను కనిపెట్టే ప్రక్రియల్లో) మెజారిటీ లేనప్పుడు రాతలు ఒప్పుకుంటే డేటా రెండు దారులు పడుతుంది. కానీ ఒకే గదిలో, ఒకే యూపీఎస్ మీద, ఒకే స్విచ్‌కు తగిలించిన మూడు మెషీన్ల వల్ల స్టూడియోకు వచ్చే లాభం ఏముంది? ప్రతిదీ మూడు కాపీలు కాబట్టి కొన్న డిస్కులో మూడో వంతే చేతికొస్తుంది. ప్రతి డిస్కుకూ నడిచే ఓఎస్‌డీ ప్రక్రియ మామూలు సెట్టింగులో 4 జీబీ మెమరీ లక్ష్యంగా పెట్టుకుంటుంది. నెట్‌వర్క్ కూడా గట్టిగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, సెఫ్ హెచ్చరిక ఇస్తే చదివి అర్థం చేసుకునే మనిషి ఒకరు దగ్గర ఉండాలి. కాలేజీ క్యాంపస్‌కు, పెద్ద ఆసుపత్రికి కడితే నేను సెఫ్ వైపే చూస్తాను. ఇక్కడ కాదు.

మేడారం జాతర అయ్యాక: ఎండీ రెయిడ్ మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4

జాతర షూటింగ్ డేటా కార్డులతో స్టూడియో నిండిపోయింది. అదే పరీక్షకు వాడుకున్నాను. ముందుగా ప్రతి ఫైల్‌కూ ఎస్‌హెచ్‌ఏ256 విలువ (ఫైల్ కాస్త మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి అంకె) తీసి ఒక జాబితా చేసి వేరే మెషీన్‌లో పెట్టాను. ఇకమీదట ఏ ఫైల్‌సిస్టమ్‌ను ఏం చేసినా, చివర్లో ఆ జాబితాతో సరిపోల్చితే నిజం బయటపడుతుంది.

మొదట వేగం సంగతి, త్వరగా ముగిస్తాను. డిస్కు వేగం కొలిచే ఎఫ్‌ఐఓతో అన్నిటినీ నడిపాను. పెద్ద వీడియో ఫైళ్లు వరసగా చదివే, రాసే పనిలో తేడాలు ఉన్నాయి గానీ, ఒక గిగాబిట్ లైను మీద కూర్చున్న మనిషికి సెకనుకు 110 ఎంబీకి మించి రాదు. ఏ ఫైల్‌సిస్టమ్ అయినా అతనికి ఒకటే. 10 గిగాబిట్ టేబుళ్ల దగ్గర కూడా ఎడిటింగ్ టైమ్‌లైన్ అన్నిటిలో సాఫీగానే కదిలింది. చాలా పోలికలు ఈ వేగం గ్రాఫుల దగ్గరే ఆగిపోతాయి. ఇంత చిన్న పనికి ఆ గ్రాఫులతో నిర్ణయం చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ రెండూ నమ్మకస్తులు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ 1990లలో ఎస్‌జీఐ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ ఐరిక్స్ కోసం పుట్టింది, 2014లో రెడ్ హ్యాట్ వాళ్ల లినక్స్ ఆర్‌హెచ్‌ఈఎల్ 7తో అక్కడ డీఫాల్ట్ అయింది. పెద్ద ఫైళ్లకు దానికి మంచి పేరు. పెంచడమే తప్ప కుదించడం కుదరదు, ఇక్కడ దానితో ఇబ్బంది లేదు. ఆరు డిస్కులతో ఎండీ (లినక్స్ సొంత సాఫ్ట్‌వేర్ రెయిడ్) పద్ధతిలో, రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్6 కట్టి దాని మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్ పెట్టాను. ఒక డిస్కు పీకాను, ఇంకోటి కూడా పీకాను, డేటా చెక్కుచెదరలేదు. రెయిడ్6 చెప్పిన మాట నిలబెట్టుకుంది.

తర్వాత అసలు పరీక్ష. డిస్కులన్నీ తగిలించి ఉండగానే, ఒక డిస్కు మధ్య భాగంలో డీడీ కమాండుతో చెత్త అంకెలు నింపాను. డిస్కు పోలేదు, ఎర్రర్ ఇవ్వలేదు, తప్పు డేటా మాత్రం ఇస్తుంది. బీరువాలోని ఆ ఫోటోలకు జరిగింది దాదాపు ఇదే. మెమరీలో ఉన్న క్యాష్ ఖాళీ చేసి ఫైళ్లు చదివించాను. ఏ ఫిర్యాదూ లేదు. జాబితాతో పోల్చితే ఎన్నో ఫైళ్లు తేడా.

కారణం సూటిగా ఉంది. ఎండీ రెయిడ్ చదివేటప్పుడు పారిటీతో (పోయిన డేటాను తిరిగి లెక్కగట్టేందుకు రాసుకున్న అదనపు డేటాతో) సరిచూడదు. డిస్కు "చదవలేకపోయాను" అంటేనే మిగతా డిస్కుల నుంచి లెక్కగట్టి ఇస్తుంది. డిస్కు తప్పును ఒప్పులా ఇస్తే అదే మనకు చేరుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో చెక్‌సమ్ ఉంది, కానీ మెటాడేటాకే (ఫైళ్ల పేర్లు, చోట్ల వివరాలకే), ఫైల్ లోపలి డేటాకు లేదు. ఈఎక్స్‌టీ4 కూడా అంతే. ఎండీ 'చెక్' నడిపితే సరిపోలని చోట్లు ఎన్నో ఒక అంకె వచ్చింది. ఏ ఫైల్, ఏ డిస్కు, ఏది సరైనది అనేవి అందులో లేవు. ఇక్కడ 'రిపేర్' అంటే భయపడాలి. అది డిస్కులోని డేటాయే సరైనదనుకుని పారిటీని దానికి తగ్గట్టు మార్చేస్తుంది. చెత్త శాశ్వతమవుతుంది. విడిగా పరీక్ష కోసం ఇంకో రెయిడ్ కట్టి అదీ చేసి చూశాను, అలాగే అయింది.

దీనికి మందు లేదని కాదు. ప్రతి డిస్కు మీద, ఎండీకి కింద, చెక్‌సమ్ చూసే డీఎం-ఇంటెగ్రిటీ పొర వేస్తే, చెత్త వచ్చినప్పుడు అది చదవలేని ఎర్రర్‌గా మారుతుంది, ఎండీ దాన్ని మిగతా డిస్కుల నుంచి బాగుచేస్తుంది. వేసి చూశాను, పనిచేసింది, ఫైళ్లన్నీ సరిపోయాయి. ప్రతి రాతనూ ముందు నమోదు చేసే దాని జర్నల్ వల్ల రాతల వేగం బాగా తగ్గింది. అది భరించవచ్చు. భరించలేనిది పొరల సంఖ్య. కింద ఇంటెగ్రిటీ, దాని మీద ఎండీ, దాని మీద డిస్కు చోటును పంచే ఎల్‌వీఎం, దాని మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్. డిస్కు మార్చాల్సిన రోజు స్టూడియో పిల్లవాడు ఇవన్నీ వరసలో చేయాలి. నేను చేయగలను కాబట్టి అతనూ చేస్తాడనుకోవడం న్యాయం కాదు.

డిస్కు తనలో తాను ఈసీసీ చూసుకుంటుంది కదా, ఇదంతా ఎందుకు అని అడిగేవాళ్లుంటారు. డిస్కు చూసుకునేది ఆ సెక్టారు వరకే. సరైన డేటాను తప్పు చోట రాసినా, కేబులో కంట్రోలరో మధ్యలో చెడగొట్టినా, అసలు రాయకుండానే రాశానని చెప్పినా దానికి తెలియదు. సెర్న్ 2007లోనే తమ డిస్కుల్లో ఇలా చప్పుడు లేకుండా పాడైన డేటాను వెతికి నివేదిక ఇచ్చింది. ఇది ఊహించుకున్న భయం కాదు.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్

క్రిస్ మేసన్ 2007లో ఒరాకిల్‌లో ఉండగా మొదలుపెట్టిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ 2009 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది. వేరే మాడ్యూల్ అక్కర్లేదు, లైసెన్సు గొడవ లేదు. ఫెడోరా డెస్క్‌టాప్‌లో 2020 నుంచి డీఫాల్ట్. ఫేస్‌బుక్ పెద్ద ఎత్తున వాడుతోంది. ఇంకో పక్క, రెడ్ హ్యాట్ ఆర్‌హెచ్‌ఈఎల్ 8 నుంచి దాన్ని పూర్తిగా తీసేసింది. ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటి పట్టుకుని తీర్పు ఇవ్వకూడదు, పరీక్షించాలి.

చెత్త నింపే పరీక్షలో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రెయిడ్1 చక్కగా నెగ్గింది. తప్పును పట్టుకుంది, రెండో కాపీ నుంచి సరిచేసింది. సైజులు కలవని డిస్కులు కలిపి వాడుకోనిస్తుంది, ఒక్కో డిస్కు చేర్చుకోవచ్చు. చిన్న స్టూడియోకు ఆ వెసులుబాటు నిజంగా విలువైనది.

ఇబ్బంది మన డిస్కుల లెక్క దగ్గర వచ్చింది. దాని రెయిడ్5, రెయిడ్6 ఇంకా నిజమైన డేటాకు సిద్ధం కాలేదని వాళ్ల డాక్యుమెంటేషనే చెబుతోంది. ఇక మిగిలేది రెయిడ్1. ఎన్ని డిస్కులున్నా కాపీలు రెండే, అంటే 48 టీబీలో 24 చేతికొస్తాయి. అయినా ఒకేసారి రెండు డిస్కులు పోతే డేటా పోతుంది. మూడు కాపీల పద్ధతికి వెళ్తే 16 టీబీకి పడిపోతుంది. ఇంకోటి, ఒక డిస్కు పీకి మెషీన్ రీబూట్ చేస్తే వాల్యూమ్ తనంతట తాను మౌంట్ కాలేదు (తెరుచుకోలేదు), 'డిగ్రేడెడ్' అని ఆప్షన్ ఇవ్వాలి. జాగ్రత్త కోసం పెట్టిన నియమమే అది. కానీ రాత్రి కరెంటు పోయి వచ్చి, పొద్దున ఆల్బమ్ ప్రింటుకు పంపాల్సిన రోజు అది స్టూడియోను ఆపేస్తుంది.

ఎడిటర్ల లినక్స్ ల్యాప్‌టాప్‌లో మాత్రం బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌నే పెట్టాను. ఒక్క డిస్కు, అప్‌డేట్ ముందు స్నాప్‌షాట్, వెనక్కి రావడం సులువు. అక్కడ దాన్ని మించింది లేదు.

జెడ్‌ఎఫ్‌ఎస్

సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టి 2005లో ఆ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ ఓపెన్ సోలారిస్‌తో బయటికొచ్చిన ఫైల్‌సిస్టమ్ ఇది. ఇప్పుడు ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ పేరుతో లినక్స్, ఫ్రీబీఎస్‌డీ రెండింటికీ ఒకే కోడ్ నుంచి వస్తోంది. ఆరు డిస్కులతో రెయిడ్-జెడ్2 కట్టాను. రెండు డిస్కుల స్థలం పారిటీకి పోగా 32 టీబీ చేతికొస్తుంది.

దీని చెక్‌సమ్ ఉండే చోటు ముఖ్యం. డేటా బ్లాకు పక్కనే దాని చెక్‌సమ్ రాయరు, దాన్ని చూపించే పై బ్లాకులో రాస్తారు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా తూకం బస్తా మీదే కాకుండా కమీషన్‌దారు పుస్తకంలోనూ ఉన్నట్టు. బస్తా మారినా, తగ్గినా పుస్తకంతో తేలిపోతుంది. అందుకే తప్పు చోట రాసిన డేటా, అసలు రాయని డేటా కూడా ఇక్కడ దొరికిపోతాయి.

ఒక డిస్కులో చెత్త నింపాను. ఫైళ్లన్నీ చదివించాను, జాబితాతో అన్నీ సరిపోయాయి. స్టేటస్‌లో ఆ ఒక్క డిస్కు పక్కన చెక్‌సమ్ తప్పుల సంఖ్య పెరిగింది. స్క్రబ్ (డేటా మొత్తం చదివి సరిచూసే పని) నడిపితే మిగతా చెత్త కూడా బాగైపోయింది. పూల్ (డిస్కులన్నీ కలిపిన నిల్వ) మళ్లీ కొత్తగా కట్టి, రెండు డిస్కుల్లో ఒకేసారి నింపాను. అప్పుడూ అన్నీ సరిపోయాయి.

మూడో డిస్కులో కూడా కావాలనే నింపాను. ఇక బాగుచేయడం ఎవరి వల్లా కాదు, రెయిడ్-జెడ్2 హద్దు దాటింది. ఇక్కడే నాకు కావాల్సింది చూశాను. పాడైన ఫైళ్ల పేర్లు, పూర్తి దారితో సహా, వరసగా తెర మీద వచ్చాయి. ఆ ఫైళ్లు తెరవబోతే సగం బూడిద ఫోటో ఇవ్వలేదు, ఎర్రర్ ఇచ్చింది. మిగతా ఫైళ్లన్నీ తెరుచుకున్నాయి. స్టూడియో అన్నను పిలిచి చూపించాను. జాబితా కిందిదాకా చదివి, "గిది గావాలె" అన్నాడు.

సెట్టింగులు క్లుప్తంగా: డిస్కుల 4కే సెక్టార్లకు తగ్గట్టు యాష్‌షిఫ్ట్ 12. ఇది పూల్ కట్టేటప్పుడే సరిగ్గా ఇవ్వాలి, ఆ డిస్కుల వరసకు తర్వాత మార్చడం కుదరదు. వీడియో డేటాసెట్‌కు రికార్డ్‌సైజు (ఒక్కో బ్లాకు గరిష్ఠ సైజు) 1 ఎంబీ, పోస్ట్‌గ్రెస్‌కు 16 కేబీ. కంప్రెషన్ ఎల్‌జెడ్4, వీడియోకు దానివల్ల లాభం లేదు, నష్టమూ లేదు. డీడూప్ (ఒకేలాంటి డేటాను ఒక్కసారే దాచే పద్ధతి) పెట్టలేదు. ఏ రెండు పెళ్లి వీడియోలూ ఒకటి కావు, మెమరీ మాత్రం తినేస్తుంది. మెమరీలో ఉండే ఏఆర్‌సీ క్యాష్‌కు 32 జీబీ హద్దు పెట్టాను, డేటాబేస్‌కు, సాంబాకు చోటు ఉండాలి.

దీనికీ లోపాలున్నాయి, అవి కూడా రాయాలి. లైసెన్సు సీడీడీఎల్, లినక్స్ కెర్నెల్‌ది జీపీఎల్, రెండూ పొసగవంటారు, అందుకని ఇది ఆ కెర్నెల్‌లో ఎప్పుడూ చేరలేదు. ప్రతి ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ వెర్షన్‌కూ అది పనిచేసే కెర్నెళ్ల హద్దు ఒకటి ఉంటుంది. తొందరపడి కొత్త కెర్నెల్ వేస్తే పొద్దున పూల్ కనిపించకపోవచ్చు. అందుకే మాడ్యూల్ కెర్నెల్‌తో పాటే తయారై వచ్చే ఉబుంటు ఎల్‌టీఎస్ 24.04 తీసుకున్నాను, ఆటోమేటిక్ కెర్నెల్ అప్‌డేట్ ఆపాను. రెండో లోపం, రెయిడ్-జెడ్‌కు ఒక్కో డిస్కు చేర్చే సదుపాయం 2025 జనవరిలో వచ్చిన 2.3 వెర్షన్‌లోగానీ రాలేదు. మన ఉబుంటులో ఉన్నది 2.2 వరస. చేర్చినా పాత డేటా పాత డేటా-పారిటీ నిష్పత్తిలోనే ఉంటుంది. ఇప్పటికి 32 టీబీ చాలు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. 2.2.0 విడుదలయ్యాక, 2023 నవంబరులో, కాపీ చేసిన ఫైళ్లలో కొన్ని భాగాలు సున్నాలుగా వస్తున్నాయని బయటపడింది. ముందు, డేటా మళ్లీ రాయకుండానే కాపీ చేసే కొత్త బ్లాక్ క్లోనింగ్‌ను అనుమానించి ఆపేశారు. వెతికితే అసలు తప్పు చాలా ఏళ్లుగా కోడ్‌లో ఉన్నదే. 2.2.2, 2.1.14లతో సరిచేశారు. చెక్‌సమ్ ఇలాంటిదాన్ని పట్టుకోలేదు, ఎందుకంటే ఫైల్‌సిస్టమ్ తానే తప్పు డేటాను సరైనదనుకుని రాసింది. ఎంత మంచి ఫైల్‌సిస్టమ్ అయినా డేటా మొత్తం ఒకే కోడ్ చేతిలో పెట్టకూడదన్నది దీనితో నాకు ఖాయమైంది. రెండో కాపీ సంగతి నిర్ణయించింది ఈ బగ్గే.

కరెంటు పీకే పరీక్ష

వేసవిలో గాలిదుమారం లేస్తే వరంగల్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. యూపీఎస్ ఉంది, కానీ యూపీఎస్ కూడా ఒకరోజు పోతుంది. అందుకని దాన్ని పక్కనపెట్టి, గోడ దగ్గరే ప్లగ్ పీకే పరీక్ష చేశాను.

వీడియో కాపీ మధ్యలో పీకితే జెడ్‌ఎఫ్‌ఎస్ చివరి పూర్తయిన ట్రాన్సాక్షన్ గ్రూపు (కలిపి ఒకేసారి రాసే మార్పుల కట్ట) దగ్గరికి తిరిగి వచ్చింది. సగం కాపీ అయిన ఫైల్ సగంగానే ఉంది, మిగతాదేమీ చెడలేదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 కూడా జర్నల్ నుంచి ఇబ్బంది లేకుండా లేచాయి. ఈ విషయంలో అన్నీ పాసే.

రసీదుల డేటాబేస్‌కు ఇది సరిపోదు. వేరే ల్యాప్‌టాప్ నుంచి వరస నంబర్లు డేటాబేస్‌లో రాసే చిన్న స్క్రిప్టు నడిపాను. 'కమిట్ అయింది' (రాత ఖాయమైంది) అని సర్వర్ చెప్పిన ప్రతి నంబరునూ ల్యాప్‌టాప్ తన దగ్గర రాసుకుంటుంది. మధ్యలో ప్లగ్ పీకి, మెషీన్ లేచాక రెండూ పోల్చాలి. ల్యాప్‌టాప్‌లో ఉన్న నంబరు డేటాబేస్‌లో లేదంటే ఎక్కడో ఎవరో అబద్ధం చెప్పినట్టే.

సింక్ రాతల (డిస్కు మీద పడ్డాకే అయిందని చెప్పాల్సిన రాతల) లాగ్ కోసం మొదట ఇంటి వాడకపు ఎస్‌ఎస్‌డీ ఒకటి పెట్టి చూశాను. చివరి నంబర్లు కొన్ని గల్లంతయ్యాయి. పూల్ బాగుంది, చెక్‌సమ్ తప్పుల్లేవు, కానీ డబ్బు లెక్కలో కొన్ని వరసలు లేవు. రాశానని చెప్పిన డేటా ఆ ఎస్‌ఎస్‌డీ లోపలి క్యాష్‌లోనే ఉండి కరెంటుతో పాటు పోయింది. కరెంటు పోయినా లోపలి కెపాసిటర్లతో రాత పూర్తిచేసే సర్వర్ రకం ఎస్‌ఎస్‌డీ పెట్టి మళ్లీ మళ్లీ పీకాను. ఒక్క నంబరూ పోలేదు. డేటాబేస్ ఉన్నచోట ఈ రకం ఎస్‌ఎస్‌డీకి పెట్టే డబ్బులో పొదుపు చూడొద్దు.

ఇదే సందర్భంలో పోస్ట్‌గ్రెస్ వాళ్లు 2018లో బయటపెట్టిన ఎఫ్‌సింక్ (డేటాను డిస్కు మీదికి రాయించే పిలుపు) సమస్యను గుర్తుచేయాలి. లినక్స్‌లో ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమైతే, మళ్లీ పిలిచినప్పుడు అంతా బాగున్నట్టు చెప్పే అవకాశం ఉందని అప్పుడు తేలింది. ఆ తర్వాత వెర్షన్లలో ఎఫ్‌సింక్ విఫలమైతే పోస్ట్‌గ్రెస్ కావాలనే ఆగిపోయి, లాగ్ నుంచి తిరిగి లేస్తుంది. పాత వెర్షన్లు నడుపుతున్నవాళ్లు మారాలి.

ముహూర్తాలు మొదలయ్యాయి: కరీంనగర్ కాపీ

డేటా అంతా ఎక్కింది. బీరువా డిస్కులు ఎక్కించేటప్పుడు చదవలేని ఫైళ్లు, తెరుచుకోని ఫోటోలు ఒక జాబితాగా రాసి అన్న చేతికిచ్చాను. ఏ కుటుంబానికి ఏం లేదో ఇప్పుడు ముందే తెలుసు.

రెండో కాపీ కరీంనగర్‌లో, అన్న వాళ్ల తమ్ముడి షాపులో. జెడ్‌ఎఫ్‌ఎస్ నుంచి జెడ్‌ఎఫ్‌ఎస్‌కు సెండ్-రిసీవ్ చేస్తే అన్నిటికన్నా సులువు, స్నాప్‌షాట్ల మధ్య మారిన బ్లాకులే వెళ్తాయి. అయినా అలా చేయలేదు. అక్కడి మెషీన్‌లో ఎక్స్‌ఎఫ్‌ఎస్ పెట్టి, రెస్టిక్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో కాపీ పంపుతున్నాను. రెస్టిక్ ప్రతి ముక్కకూ తన సొంత హ్యాష్ (సరిచూసుకునే అంకె) ఉంచుకుంటుంది, ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. కింద ఏ ఫైల్‌సిస్టమ్ ఉన్నా దానికి ఒకటే. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో రేపు 2023 లాంటిది ఇంకోటి వచ్చినా, అది రాకముందు తీసిన కాపీలు వేరే కోడ్ దగ్గర ఉంటాయి. అవతలి సర్వర్‌ను చేర్చడమే తప్ప తుడవడం కుదరని పద్ధతిలో పెట్టాను. హనుమకొండ మెషీన్‌లో వైరస్ పడ్డా కరీంనగర్ కాపీని చెరపలేదు.

మొదటి కాపీ లైను మీద పంపలేదు. 18 టీబీని 100 ఎంబీపీఎస్ లైను మీద పంపితే ఆగకుండా నడిచినా పదహారు రోజులు దాటుతుంది. కరీంనగర్ మెషీన్‌నే హనుమకొండకు తెచ్చి, ఇక్కడే నింపి, కారులో తిరిగి తీసుకెళ్లాం. ఇప్పుడు రోజూ రాత్రి కొత్త డేటా మాత్రమే వెళ్తుంది. పెళ్లి ఉన్న రోజుల్లో అది తెల్లారేసరికి పూర్తికాదు, రెండు మూడు రాత్రులు పడుతుంది. ఆ లోపు కెమెరా కార్డులు ఖాళీ చేయొద్దని నియమం పెట్టాం. ఇది సాఫ్ట్‌వేర్ చేసే పని కాదు, మనుషులు పాటించాల్సిన మాట, అన్న గట్టిగా పట్టుబట్టాడు.

ఎడిటర్లకు బాగా నచ్చింది స్నాప్‌షాట్లు. సాంబాలో షాడో కాపీ మాడ్యూల్ పెట్టాక, విండోస్‌లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే గంట గంటకు పాత వెర్షన్లు కనిపిస్తాయి. ఒక ఎడిటర్ ప్రాజెక్టు ఫైల్ మీద ఇంకోటి సేవ్ చేసేసి, నన్ను అడగకుండానే తనే వెనక్కి తెచ్చుకున్నాడు.

పిల్లవాడి చేతికి

స్టూడియోలో కార్డులు కాపీ చేసే పిల్లవాడికి డిస్కు మార్చే పని అప్పగించాను. తెలుగులో ఒక పేజీ రాసి, ప్రింట్ తీసి, ర్యాక్ తలుపు లోపల అంటించాను. నేను పక్కనే కూర్చుని నోరు విప్పకూడదని నియమం. పూల్ నుంచి ఒక డిస్కును నేనే ఆఫ్‌లైన్ చేశాను. ఫోన్‌కు హెచ్చరిక వచ్చింది.

పేజీ చదివి మొదట అడిగింది, "అన్నా, ఏ డబ్బా గుంజాల్నో ఎట్ల తెలుస్తది?" హెచ్చరికలో డిస్కు సీరియల్ నంబరు ఉంది. కానీ డిస్కు ట్రే లోపల ఉంటే ఆ నంబరు కనిపించదు. అతని ప్రశ్న సరైనది, జవాబు నా పేజీలో లేదు. ప్రతి ట్రే ముందు సీరియల్ నంబరు చివరి నాలుగు అక్షరాలు పెద్దగా అంటించాం. పూల్‌లో డిస్కుల పేర్లు ఎలాగూ సీరియల్ నంబర్లతోనే పెట్టాను. లినక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు రీబూట్‌కు మారిపోతాయి, వాటిని నమ్మి డిస్కు పీకకూడదు. రెండోసారి అతనే పీకాడు, కొత్తది పెట్టాడు, పేజీలో ఉన్న ఒక్క కమాండు కొట్టాడు. రీసిల్వర్ (కొత్త డిస్కును నింపే పని) మొదలైంది. వాడిన స్థలం మేరకే నింపుతుంది కాబట్టి డిస్కు మొత్తం నింపే ఎండీ కన్నా త్వరగా ముగిసింది.

ఎండీ, డీఎం-ఇంటెగ్రిటీ పొరలతో ఇదే పని అంటే ఆ పేజీ ఎంత పొడుగయ్యేదో అప్పుడు తెలిసింది. నేను జెడ్‌ఎఫ్‌ఎస్‌కు ఓటేయడానికి చెక్‌సమ్ ఎంత కారణమో, ఆ ఒక్క కమాండు కూడా అంతే కారణం.

ఏప్రిల్: గాలిదుమారం తర్వాత

సాయంత్రం పెద్ద గాలి, వాన. కరెంటు పోయి చాలాసేపు రాలేదు. యూపీఎస్ బ్యాటరీ తగ్గగానే, దాన్ని కనిపెట్టే ఎన్‌యూటీ సాఫ్ట్‌వేర్ సర్వర్‌ను సవ్యంగా ఆపింది. కరెంటు వచ్చాక పూల్ మామూలుగా లేచింది, తప్పుల్లేవు. ఎవరూ నాకు ఫోన్ చేయలేదు, లాగ్ చూస్తేనే తెలిసింది.

ఎండలు ముదురుతున్నాయి. డిస్కుల ఉష్ణోగ్రత మధ్యాహ్నాలు పెరుగుతోంది, డిస్కులు తమ ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రీడింగులు గంటకోసారి రాసి పెడుతున్నాను. ర్యాక్‌ను ఆల్బమ్ ప్రింటర్ ఉన్న గది నుంచి మార్చమని అన్నకు చెప్పాను. ఉబుంటు నెలకోసారి, రెండో ఆదివారం, దానంతట అదే స్క్రబ్ మొదలుపెడుతుంది. ఈ వేసవిలో ఆదివారం ముహూర్తాలు ఎక్కువ, కార్డులన్నీ ఆ రాత్రే వస్తాయి. అందుకని దాన్ని మంగళవారం రాత్రికి మార్చాను. పొద్దున స్టూడియో తెరిచేసరికి పూర్తికాకపోతే ఆపి, రాత్రికి కొనసాగించే స్క్రిప్టు పెట్టాను.

కరీంనగర్ నుంచి తిరిగి తెచ్చే పరీక్ష కూడా అయింది. బుకింగ్ రిజిస్టర్‌లో అన్న కళ్లు మూసుకుని ఒక పెళ్లి మీద వేలు పెట్టాడు. ఆ ఫోల్డర్‌ను రెస్టిక్ కాపీ నుంచి ఖాళీ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చి ఎస్‌హెచ్‌ఏ256 జాబితాతో పోల్చాను, అన్నీ సరిపోయాయి. డేటాబేస్ డంప్‌ను కొత్త పోస్ట్‌గ్రెస్‌లోకి ఎక్కించి రసీదుల మొత్తం చూశాం, అది కూడా సరిపోయింది.

మిగిలిన పనులు: బీరువాలో ఒక 8 టీబీ డిస్కు విడిగా కొని ఉంచాలి. రెస్టిక్ పాస్‌వర్డును కాగితం మీద రాసి అన్న ఇంట్లో, కరీంనగర్‌లో ఒక్కో కవరులో పెట్టాలి, అది పోతే కాపీ ఉన్నా లేనట్టే. రెస్టిక్ డేటాలో పదో వంతు చొప్పున నెలనెలా చదివి సరిచూసే పని టైమర్‌లో పెట్టాలి. వానాకాలం మొదలయ్యేలోపు పిల్లవాడితో ఇంకోసారి డిస్కు మార్పించాలి, ఈసారి నేను స్టూడియోలో లేకుండా.